ముందు చక్రాలది ఒక లెక్క, వెనక చక్రాలది ఇంకో లెక్క

బాబూ, పాత జీపులో ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజను బలం) వేసినప్పుడల్లా ఏదో ఒకటి పోతోంది, ఏం చెయ్యాలని మీరు అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు: మీ ట్రాన్స్‌ఫర్ కేస్‌ని, అంటే ముందు, వెనక యాక్సిళ్ళకి బలం పంచే గేరు పెట్టెని, మళ్ళీ విప్పించకండి. యాక్సిల్ మధ్యలో ఉండి కుడి ఎడమ చక్రాలని తిప్పే గేర్ల గుండు ఉంది చూడండి, డిఫరెన్షియల్ అంటాం. ముందు డిఫరెన్షియల్‌లో ఎన్ని గేరు పళ్ళు, వెనక డిఫరెన్షియల్‌లో ఎన్ని పళ్ళు, అది లెక్కపెట్టించండి.

ఇలాంటి బాధ ఇంకా చాలామందికి ఉంటుంది కాబట్టి మీరు చెప్పిన కథ క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను. మీరుండేది మర్రిపాలెం. రెండేళ్ళ కిందట పాత పెట్రోల్ జీపు కొని ఇంజను, బాడీ బాగు చేయించుకున్నారు. ఊళ్ళోనూ, భీమిలి రోడ్డు మీదా ఏ ఇబ్బందీ లేదు. మొన్న చలికాలంలో వంజంగి మబ్బులు చూద్దామని నలుగురు స్నేహితులతో బయల్దేరారు. మాడుగులలో హల్వా కట్టించుకుని, పాడేరు ఘాట్ మొదలవగానే ఘాట్ కదా, గ్రిప్ బాగుంటుందని ఫోర్ బై ఫోర్ వేశారు. అప్పట్నుంచీ ఎవరో బ్రేకు తొక్కి పట్టుకున్నట్టు బండి బరువెక్కింది. మలుపుల్లో టైర్లు కీచుమన్నాయి, స్టీరింగ్ తిరగనని మొండికేసింది. నాలుగో మలుపు దగ్గర ఢామ్మని చప్పుడు, ముందు యాక్సిల్‌కి బలం మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్, అంటే ఆ షాఫ్ట్ కీలు, ముక్కలైంది. తిరిగొచ్చి క్రాస్ మార్పించారు, పది రోజుల్లో అదీ పోయింది. ఈసారి మెకానిక్ ఇంకా గట్టి క్రాస్ వేశాడు. అది నిలబడింది గానీ ట్రాన్స్‌ఫర్ కేస్ బేరింగులు పోయాయి. అవీ మార్చారు. ఇప్పుడు ఫోర్ బై ఫోర్ వేస్తే లివర్ వెనక్కి రావడం లేదు.

చివర్లో ఇంకో మాట కూడా రాశారు, పనిలో పనిగా చెప్పినట్టు: స్పీడోమీటర్ 50 చూపిస్తుంటే ఫోన్లో 55 చూపిస్తోందని. నాకు జబ్బు దొరికింది ఆ మాటలోనే.

గాజువాక ఆటోనగర్‌లో ముప్పయ్యేళ్ళకు పైగా గేర్‌బాక్సులూ డిఫరెన్షియల్సే నా పని. ఇలాంటి జీపులు నా చేతికి చాలానే వచ్చాయి. అందులో ఒకటి నేనే పాడు చేసింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

డిఫరెన్షియల్‌లో చిన్న పినియన్, దాన్ని పట్టుకుని తిరిగే పెద్ద క్రౌన్ వీల్ ఉంటాయి. క్రౌన్ పళ్ళని పినియన్ పళ్ళతో భాగిస్తే వచ్చేదే రేషియో. పాత విల్లీస్ తరహా జీపుల్లో ఎక్కువగా కనబడేవి రెండు సెట్లు. 39 పళ్ళ క్రౌన్‌కి 8 పళ్ళ పినియన్ ఒకటి, 43 పళ్ళ క్రౌన్‌కి 8 పళ్ళ పినియన్ ఇంకొకటి. మొదటిది 4.875, రెండోది 5.375. మెకానిక్కుల నోట అవి 4.88, 5.38. అంటే మొదటి దాంట్లో చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్ట్ 4.875 చుట్లు తిరగాలి, రెండో దాంట్లో 5.375 చుట్లు. బయట నుంచి చూస్తే రెండు హౌసింగులూ కవల పిల్లల్లా ఉంటాయి. బోల్టులు కూర్చుంటాయి, బ్రేకు పైపులు కూర్చుంటాయి. తుక్కు షాపులో యాక్సిల్ కొనేటప్పుడు వంగిందా, పగిలిందా, తుప్పు పట్టిందా అని చూస్తారు. మూత తీసి పళ్ళు లెక్కపెట్టేవాడు వందకి ఒకడు.

జీపు స్పీడోమీటర్‌కి లెక్క వచ్చేది ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి వెనక్కి పోయే షాఫ్ట్ తిరిగే చుట్లని బట్టి. వెనక 5.375 ఉంటుందనుకుని అమర్చిన మీటరు ఉంచి, యాక్సిల్ మాత్రం 4.875 వేస్తే, షాఫ్ట్ అన్నే చుట్లు తిరిగినా బండి దాదాపు 10 శాతం ఎక్కువ దూరం పోతుంది. 50 దగ్గర 55. మీ అంకెలు దీనికి అచ్చుగుద్దినట్టు సరిపోతున్నాయి. పెద్ద టైర్లు వేసినా ఇదే తేడా వస్తుంది గానీ, మీరు పాత సైజు 6.00-16 టైర్లే ఉన్నాయన్నారు కదా. కాబట్టి నా అనుమానం ఇది: మీకు అమ్మినాయన ఎప్పుడో వెనక యాక్సిల్ మార్చాడు, ముందుది పాతదే ఉంచేశాడు.

మరి రెండేళ్ళు ఎలా నడిచిందంటారా? టూ వీల్‌లో ఉన్నంతకాలం ముందు షాఫ్ట్‌కీ వెనక షాఫ్ట్‌కీ సంబంధం లేదు. ముందు షాఫ్ట్ తన మానాన తిరుగుతుంది, దాని వేగం ఎవరికీ పట్టదు. ఫోర్ బై ఫోర్ లివర్ వేసిన క్షణం ట్రాన్స్‌ఫర్ కేస్ ఆ రెంటినీ ఒకే గేరుతో ముడేస్తుంది. ఇక రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే. మధ్యలో సర్దుబాటు చేసేది ఏమీ లేదు. 6.00-16 టైరు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. వెనక చక్రం ఒక చుట్టు తిరిగి 2.2 మీటర్లు వెళ్ళేసరికి, ముందు చక్రాన్ని గేర్లు 2 మీటర్లే తిప్పుతాయి. మిగిలిన 20 సెంటీమీటర్లు ముందు టైరు నేల మీద ఈడ్చుకుపోవాలి, లేదా వెనక టైరు ఉన్నచోటే జారాలి. కిలోమీటరుకి 90 మీటర్ల పైమాట.

తడి మట్టిలో టైరు జారుతుంది, మీకు తెలియను కూడా తెలియదు. ఎండిన తారు మీద టైరు అంత తేలిగ్గా జారదు. జారేదాకా షాఫ్టులు మెలిపడుతూ ఉంటాయి. తడి పంచెని ఇద్దరు చెరో కొసా పట్టుకుని పిండుతారు చూడండి, అలా. మీ లెక్కలో ఒక్కో చక్రం చుట్టుకి షాఫ్ట్‌లో అర చుట్టు తేడా పోగవుతుంది. పళ్ళ మధ్య ఖాళీ, స్ప్లైన్ల (షాఫ్ట్ మీది గాడుల) వదులు కొంత మింగుతాయి. ఆ తర్వాత ఇనుమే మెలిపడాలి. టైరు కీచుమందంటే ఆ మెలిక ఒకసారి విడిపోయిందన్నమాట. అందుకే కీచుమనని బండికంటే కీచుమనే బండే నయం.

ఘాట్ మలుపులో ఇంకో సంగతి కలిసింది. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పెద్ద వలయంలో, వెనకవి చిన్న వలయంలో పోతాయి. మీ జీపు వీల్‌బేస్ 80 అంగుళాలు, అంటే 2 మీటర్లు. వెనక యాక్సిల్ మధ్యభాగం 6 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతోందనుకుంటే, ముందు యాక్సిల్ మధ్యభాగం 6.3 మీటర్లకు పైన. అంటే ముందు చక్రాలు 5 శాతం వేగంగా పోవాలి. మీ బండిలో అవే చక్రాలు గేర్ల వల్ల 9 శాతం నెమ్మది. రెండూ కలిసి ఒకే పక్కకి లాగాయి. స్టీరింగ్ అందుకే మొండికేసింది.

ఈ 5 శాతం మాత్రం పళ్ళు సరిగ్గా కలిసిన బండికీ ఉంటుంది. అందుకని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త థార్ అయినా, జిమ్నీ అయినా ఎండిన తారు ఘాట్ మీద ఫోర్ బై ఫోర్ వేసి నడపకూడదు. గ్రిప్ అవసరమైనచోట వెయ్యాలి గానీ, భయం వేసినచోట కాదు. మీ వంజంగి దారిలో చివర మట్టి ఎక్కుడు ఉంది చూశారా, అక్కడ వెయ్యండి. దిగి తారెక్కగానే తీసేయండి.

పోయింది క్రాస్ కదా, మరి దోషం డిఫరెన్షియల్‌లో ఎలా ఉందన్నది ఇంకో సందేహం. ముందు చక్రాలని నేల బలవంతంగా వేగంగా తిప్పుతోంది. ఆ బలం ముందు డిఫరెన్షియల్ గుండా, ముందు షాఫ్ట్ గుండా ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి తిరిగొచ్చి వెనక చక్రాలకి పోతోంది, అవి మళ్ళీ బండిని ముందుకు నెడుతున్నాయి. ఇంజన్ ఇచ్చే బలానికి ఇది అదనం. ఎక్కడా పని చేయకుండా బండి లోపలే గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఆ దారిలో ఏది నీరసంగా ఉంటే అది విరుగుతుంది. గ్రీజు ఎండిపోయిన పాత క్రాసు మొదటి బలి. దాన్ని గట్టిది చేస్తే దెబ్బ తర్వాతి మెట్టుకి పోతుంది: బేరింగు, అవుట్‌పుట్ షాఫ్ట్, గేరు పళ్ళు, హౌసింగ్. మీ మెకానిక్ తప్పుడు మనిషి కాదు, విరిగినదాన్ని శ్రద్ధగానే మార్చాడు. కానీ ఆ క్రాసు ఒక రకంగా ఫ్యూజు. ఫ్యూజు తీసి లావు తీగ పెట్టాడు.

పైగా క్రౌన్ పంటికి రెండు ముఖాలుంటాయి. బండి ముందుకు లాగేటప్పుడు ఒక ముఖం మీద బరువు, యాక్సిలరేటర్ వదిలినప్పుడు రెండో ముఖం మీద. మీ ముందు డిఫరెన్షియల్ ఎక్కుడు ఎక్కుతున్నంతసేపూ రెండో ముఖం మీదే బరువు మోసింది. కాబట్టి మూత తీసినప్పుడు ముందు క్రౌన్ పళ్ళ వెనక వైపు గీతలు, పెచ్చులు ఉన్నాయేమో టార్చి వేసి చూడమనండి.

ఇప్పుడు నా తప్పు. 2012లో పెందుర్తి వైపు కంకర క్వారీ కాంట్రాక్టరు ఒకాయన జీపు ముందు యాక్సిల్ హౌసింగ్ పగిలింది. తుక్కులో మొత్తం యాక్సిల్ ఒకటి దొరికితే తెచ్చి ఎక్కించాను. చూడ్డానికి బాగుంది, ఆయిల్ శుభ్రంగా ఉంది, మూత తియ్యలేదు. ఆయనకి ఫోర్ బై ఫోర్ అవసరం పడక రెండేళ్ళు గడిచిపోయాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. వైజాగ్ వాళ్ళకి ఆ రోజు గురించి వేరే చెప్పక్కర్లేదు. మర్నాటి నుంచి ఆయన జీపుకి గొలుసు కట్టి సందుల్లో పడ్డ చెట్లు లాగాడు. రెండు రోజులు బురదలో, తడి ఆకుల మీద ఫోర్ బై ఫోర్‌లో జీపు ఏనుగులా పనిచేసింది. మూడో రోజు సాయంత్రం లివర్ తియ్యడం మర్చిపోయి, ఎండిన తారు మీద ఇంటికి బయల్దేరాడు. ఏడెనిమిది కిలోమీటర్లు పోలేదు, ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు వైపు హౌసింగ్ చీలి ఆయిలంతా రోడ్డు మీద పడింది.

డ్రైవింగ్ తప్పని ఆయన్నే నాలుగు మాటలన్నాను. కరెంటు ఇంకా రాలేదు, షెడ్డులో ఎమర్జెన్సీ లైటు వెలుగులో హౌసింగ్ మార్చాను. ఇచ్చేముందు ఎందుకో అనుమానం వచ్చి రెండు మూతలూ తీశాను. క్రౌన్ వీల్ మీద ఒక పంటికి చాక్‌పీసుతో గీత పెట్టి, ఆయిల్లో వేలు ముంచి ఒక్కో పన్నూ తడుముతూ లెక్కపెట్టాను. వెనక 39. ముందు 43. తప్పు పెట్టానేమోనని మళ్ళీ లెక్కపెట్టాను. ఆ హౌసింగ్ డబ్బులూ, తర్వాత క్రౌన్ పినియన్ డబ్బులూ నేనే పెట్టుకున్నాను. ఆయన్నన్న మాటలు మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాను.

మూత తియ్యకుండా కూడా లెక్క తెలుసుకోవచ్చు, మీరే ఇంట్లో చేసుకోవచ్చు. చదునైన సిమెంటు నేల కావాలి, సాయానికి ఒక మనిషి కావాలి. అన్నిటికంటే ముందు చెక్క దిమ్మలు. ఎందుకంటే పాత జీపుల్లో హ్యాండ్ బ్రేక్ చక్రాలకి ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక షాఫ్ట్ మీద డ్రమ్ముకి ఉంటుంది. షాఫ్ట్ తిరగాలంటే ఆ బ్రేకు వదిలెయ్యాలి. వదిలేస్తే బండిని ఆపేది దిమ్మలొక్కటే. నేల మీద ఉండే మూడు చక్రాలకీ ముందూ వెనకా దిమ్మలు బిగించి, వెనక ఒక్క చక్రాన్ని మాత్రం జాకీతో లేపి, యాక్సిల్ కింద స్టాండు పెట్టండి. జాకీని నమ్ముకుని కిందకి దూరొద్దు. గేరు న్యూట్రల్, ఫోర్ బై ఫోర్ తీసేసి ఉండాలి. టైరు మీద ఒక గీత, షాఫ్ట్ మీద ఒక గీత పెట్టండి. సాయం మనిషి చక్రాన్ని నెమ్మదిగా సరిగ్గా పది చుట్లు తిప్పాలి, మీరు షాఫ్ట్ చుట్లు లెక్కపెట్టాలి. ఒక చక్రం కదలకుండా ఉంది కాబట్టి క్రౌన్ వీల్ సగమే, అంటే ఐదు చుట్లే తిరుగుతుంది. షాఫ్ట్ 24 చుట్లు దాటి ఇంకాస్త తిరిగితే అది 4.875. 27కి కొంచెం తక్కువైతే 5.375. పది చుట్లు తిప్పమనడం అందుకే. ఒక్క చుట్టు తిప్పి చూస్తే ఈ తేడా కళ్ళకి దొరకదు.

ముందు యాక్సిల్‌కీ ఇంతే. ఈసారి లేపేది ముందు చక్రం ఒకటి. మీ బండికి ఫ్రీ వీల్ హబ్బులు (ముందు చక్రాన్ని యాక్సిల్ నుంచి విడదీసే తాళాలు) ఉంటే వాటిని లాక్ చేయండి, లేకపోతే చక్రం తిరుగుతుంది గానీ షాఫ్ట్ కదలదు. మన సముద్రపు గాలికి ఆ హబ్బులు తుప్పుతో బిగుసుకుపోవడం మామూలే. లాక్ తిరగకపోతే సుత్తి తీసుకోకండి, విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టించండి.

ప్రస్తుతం లివర్ ఇరుక్కుని ఉంటే బలవంతంగా లాగొద్దు. లోపల మెలిక బిగుసుకుని పళ్ళు ఒకదాన్నొకటి నొక్కి పట్టుకున్నాయి. స్టీరింగ్ తిన్నగా పెట్టి, ఐదారు మీటర్లు రివర్సులో మెల్లగా పోతూ లివర్ మీద చెయ్యి ఉంచితే చాలాసార్లు అదే వచ్చేస్తుంది. కొందరు ఒక చక్రాన్ని జాకీతో లేపి మెలిక విడిపిస్తారు. అది పనిచేస్తుంది గానీ, చక్రం నేల వదిలిన క్షణంలో ఒక్క విసురు విసురుతుంది. చేతులూ మొహమూ దగ్గర పెట్టకండి. లివర్ వచ్చాక ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి ఇంట్లో పెట్టేసుకోండి. బాగయ్యేదాకా బండి టూ వీల్‌లో హాయిగా నడుస్తుంది.

లెక్క నేననుకున్నట్టే తేలితే బాగుచేసే దార్లు రెండు. ముందుని వెనకకి సరిచెయ్యడం, లేదా వెనకని ముందుకి. నన్నడిగితే వెనక మళ్ళీ 43కి 8 వేయించుకోండి. వెనక యాక్సిల్ పని తేలిక, ముందు చక్రాల దగ్గర నకుల్స్ (స్టీరింగ్‌తో తిరిగే కీళ్ళు) అవీ విప్పాల్సిన పని ఉండదు. మీది ఊరి తిరుగుడు, కొండ తిరుగుడు. ఐదుగురితో ఎక్కుడు ఎక్కడానికి పెద్ద రేషియోనే మేలు. నష్టమేమిటంటే, టాప్ గేర్లో 60 దగ్గర ఇప్పుడు సుమారు 2,200 ఆర్‌పీఎం తిరిగే ఇంజను 2,450 దాకా తిరుగుతుంది. హైవే మీద రోజూ శ్రీకాకుళం పోయొచ్చేవాళ్ళకైతే వేరేలా చెప్పేవాణ్ణి. వెనక 43-8 పడితే మీ స్పీడోమీటర్ కూడా దానంతటదే నిజం చెప్తుంది. కానీ మంచి 39-8 సెట్టు చేతికి దొరికి 43-8 దొరక్కపోతే దాన్ని ముందు డిఫరెన్షియల్‌లో వేయించండి, ఇందులో పట్టుదల అక్కర్లేదు.

పట్టుదల ఉండాల్సింది వేరే చోట. క్రౌన్, పినియన్ రెండూ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి అరగదీసిన జంట. రెంటి మీదా ఒకే జత నంబరు ఉంటుంది. ఒక చోట క్రౌన్, ఇంకో చోట పినియన్ తెచ్చి కలిపితే వారంలో ఊళ పెడుతుంది. అమర్చాక పళ్ళ మధ్య ఖాళీ డయల్ గేజితో కొలవాలి, మామూలుగా 0.1 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. పళ్ళకి రంగు పూసి తిప్పి, ముద్ర పంటి మధ్యలో పడుతోందో లేదో చూడాలి. "చేత్తో ఊపితే తెలిసిపోద్ది సార్" అన్నవాడి దగ్గర చేయించకండి. ఆ గేజి ఉందా అని ముందే అడగండి, తప్పు లేదు.

ముందు చక్రాలకి పెద్ద టైర్లు వేస్తే లెక్క సరిపోతుంది కదా అని మీ స్నేహితుడు అన్నాడట. లెక్కకి సరిపోతుంది. దానికి ముందు టైరు 28.5 అంగుళాల నుంచి 31 దాటాలి. జీపు తల ఎత్తుకుని దిక్కులు చూస్తున్నట్టు ఉంటుంది, టైరు ఫెండర్‌కి రాస్తుంది, స్టెప్నీ రెండు రకాలు మోయాలి. వద్దు.

మరి పొలంలో ఫోర్ వీల్ ట్రాక్టర్‌కి ముందు చక్రాలు చిన్నవి కదా, అక్కడ ఏమీ విరగదేం అని కొందరు వాదిస్తారు. అక్కడ టైరు చిన్నదయినంత మేరకు గేర్లు సర్ది ఉంటాయి. సరిగ్గా సమానంగా కాదు, కావాలనే ముందు చక్రాలని 1 నుంచి 5 శాతం వేగంగా తిప్పుతారు, లాగుతూ పోవాలని. దమ్ములో అది లాభం. అదే ట్రాక్టర్‌ని ఫోర్ వీల్‌లో రోడ్డెక్కిస్తే ముందు టైర్లు అరిగి నున్నబడతాయి. కార్లలోనూ ఉంది: ఫోర్డ్ ఫోకస్ ఆర్‌ఎస్‌లో వెనక చక్రాలని 1.8 శాతం వేగంగా తిరిగేలా చేశారు. కానీ అక్కడ మధ్యలో జారే క్లచ్చులున్నాయి, ఆ తేడాని అవి మింగుతాయి. కొన్ని అమెరికన్ ట్రక్కుల్లో ముందు 3.54, వెనక 3.55 ఉంటుంది. అది అర శాతం కూడా కాదు, ఫర్వాలేదు. మీది 10 శాతం.

జీపు లేదు, ఏడబ్ల్యూడీ (లివర్ లేకుండా తనంతట తానే నాలుగు చక్రాలకీ బలం పంచే) కారే ఉంది అనేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోండి. మీకు గేరు పళ్ళ గొడవ ఉండదు గానీ టైర్ల గొడవ ఉంటుంది. 8 మిల్లీమీటర్ల కొత్త టైరుకీ 2 మిల్లీమీటర్లకి అరిగిన టైరుకీ చుట్టుకొలతలో తేడా 37 మిల్లీమీటర్ల పైన, అంటే ఒకటిన్నర శాతానికి పైనే. ముందు రెండూ కొత్తవి వేసి వెనకవి అరిగినవి ఉంచితే, ముందు వెనకల్ని కలిపే మధ్య కప్లింగ్ ప్రతి కిలోమీటరూ ఆ తేడాని వేడిగా మార్చుకుంటూ పోతుంది. నాలుగూ ఒకేసారి మార్చండి, మధ్యమధ్యలో ముందువి వెనక్కి వెనకవి ముందుకి మార్పిస్తూ ఉండండి. జిప్సీ వాళ్ళు మాత్రం జీపు వాళ్ళ బెంచీలోనే కూర్చోవాలి. వేరే తరం బండిది డిఫరెన్షియల్ తెచ్చి వేసేముందు పళ్ళు లెక్కపెట్టాల్సిందే.

ఆదివారం పొద్దున ఎండెక్కకముందు ఆ చాక్‌పీసు పని చూడండి. ముందు ఎన్ని చుట్లు, వెనక ఎన్ని చుట్లు విడివిడిగా కాగితం మీద రాసుకుని నాకు పంపండి. ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి తీసిన పాత బేరింగులు మెకానిక్ దగ్గర ఇంకా ఉంటే అవి కూడా పారెయ్యొద్దనండి, ఫొటో చూస్తాను.